డ్రిల్లు ఇస్తున్నారు, బిట్టు బిగించడం ఎవరు నేర్పుతారు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్ గార్లకు,



పీఎం విశ్వకర్మ పథకానికి ప్రతి జిల్లాలోనూ ఒక అమలు కమిటీ ఉంటుంది. దానికి అధ్యక్షులు మీరే కాబట్టి ఈ ఉత్తరం మీ పేరున రాస్తున్నాను. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలో వడ్రంగులు, కమ్మరులు, తాపీ మేస్త్రులు, పడవలు కట్టేవారు, రాతి పనివారు సహా 18 వృత్తులవాళ్ళున్నారు. పరికరాలు కొనుక్కోవడానికి 15,000 రూపాయల దాకా ఈ-వోచరు, అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, శిక్షణ జరిగినన్నాళ్ళూ రోజుకు 500 రూపాయల భృతి వాళ్ళకు అందుతాయి. పథకం మంచిదే. దానికి ఒక చేర్పు కావాలని అడగడానికే ఈ ఉత్తరం.

కోరేదేమిటో ముందే చెప్పేస్తాను. ఆ వోచరుతో పవర్ డ్రిల్లు ఎవరి చేతికి వస్తోందో వాళ్ళ చేత అదే వారంలో రెండు గంటలపాటు దాన్ని విప్పించి, బిగించి, ఆడించి నేర్పించండి. ప్లగ్గు పీకి బిట్టు మార్చడం దగ్గర్నుంచి ఇరుక్కున్న బిట్టును ఊడదీయడం దాకా అన్నీ వాళ్ళ చేతులతోనే జరగాలి. వోచరు మీద పేరున్నవాడితో పాటు అతని దగ్గర పనిచేసే కుర్రాణ్ణి కూడా కూర్చోబెట్టండి. పథకం కుటుంబానికి ఒక్కరికే వర్తిస్తుంది, ఆ ఒక్కరూ చాలాసార్లు పెద్ద మేస్త్రీయే అవుతారు. మెషిను పట్టుకుని నిచ్చెనెక్కేది మాత్రం నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రాడు.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ ట్రేడు రెండేళ్ళది. అందులో డ్రిల్లింగుకు వచ్చే ముందే కుర్రాడు మార్కింగు, పంచి కొట్టడం, ఆకురాయి పట్టడం నేర్చుకుంటాడు. బయట షెడ్డులో పనికి కుదిరినవాడికి ఆ భాగ్యం లేదు. ‘ఒరే, ఇదట్టుకో’ అనగానే అతని చదువు పూర్తయిపోతుంది. ఏమైనా అడిగితే ‘ఏటవుతాది బావూ, ఇన్నాళ్ళూ ఇలాగే సేసీసినాం’ అంటారు.

మన ప్రాంతంలో ఈ మెషిను లేని పని ఇప్పుడు వెతికినా దొరకడం కష్టం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది. లారీలకు పేరుపడ్డ సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. పని మాత్రం జిల్లా సరిహద్దులు చూసుకోదు. సాలూరులో లారీ బాడీకి చానెల్ బోల్టులు, ఉద్దానం ఊళ్ళలో ఇంటి కప్పు రేకులు, భావనపాడు, కళింగపట్నం తీరాల్లో ఫైబర్ పడవల మరమ్మతు, పట్టణాల్లో ఫాల్స్ సీలింగు, ఏసీ బిగింపులు, అల్యూమినియం కిటికీలు, అన్నిటికీ డ్రిల్లే. వడ్రంగి సంచిలో బరమా ఉండే చోటులోకి అది వచ్చేసింది. బరమాను తాడుతో లాగి తిప్పినన్నాళ్ళు దాని బలం మనిషి చేతి బలాన్ని మించలేదు. ఎక్కడైనా ఇరుక్కుంటే చెయ్యి ఆగేది, అంతటితో సరి. కరెంటు మెషిను అలా ఆగదు.

చేత్తో పట్టుకునే కరెంటు డ్రిల్లును 1895లో జర్మనీలో ఫైన్ సంస్థ తయారుచేసింది. ఇప్పుడు మనం చూస్తున్న పిస్తోలు పిడి, వేలితో నొక్కే మీట అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ వాళ్ళవి. వాటికి 1917లో పేటెంటు దొరికింది. ఆ రూపం వల్ల మెషిను ఎవరి చేతిలోనైనా ఇట్టే ఇమిడిపోతుంది. చేతిలో ఇమిడినదాని గురించి ‘ఇందులో నేర్చుకోవడానికేముంది, నొక్కితే తిరుగుతాది’ అనుకోవడం కూడా అంత తేలికే. చిక్కంతా అక్కడ మొదలవుతోంది.

చాలామంది తిరిగే బిట్టును చూసి భయపడతారు. చెయ్యి విరిగే ప్రమాదం మాత్రం ఎక్కువగా బిట్టు తిరగడం ఆగిపోయినప్పుడు వస్తుంది. శ్లాబులో హామర్ మెషినుతో కంత పెడుతుంటే బిట్టు లోపలి ఇనుప కడ్డీకి తగిలి బిగుసుకుంటుంది. మోటారు ఇంకా తిప్పాలనే చూస్తుంది. బిట్టు తిరగలేదు కాబట్టి మెషిను తిరగబోతుంది, దాంతోపాటు దాన్ని పట్టుకున్న మణికట్టూ మెలిపడుతుంది. నిమిషానికి 900 చుట్లంటే సెకనుకు 15 చుట్లు. వేలు మీటను వదలడానికి పావు సెకను పట్టిందనుకున్నా, ఆ వేగంలో అది దాదాపు నాలుగు చుట్ల కాలం. మనిషి నేల మీద నిలబడి ఉంటే మణికట్టు బెణుకుతుంది. నిచ్చెన మీద ఉంటే మనిషే కిందికొస్తాడు.

దీనికి విరుగుడు పెట్టెలోనే ఉంటుంది. పక్కపిడి, అంటే సైడ్ హ్యాండిల్. మెషిను తిరగబోయినప్పుడు దాన్ని ఆపే బలం మెషిను మధ్య నుంచి పట్టు ఎంత దూరాన ఉంటే అంత పెరుగుతుంది. పిస్తోలు పిడి ఒక్కటే పట్టుకున్నవాడికి ఆ దూరం తక్కువ. పక్కపిడిని రెండో చేత్తో పట్టుకున్నవాడికి ఎక్కువ. ఇంత సులువైన లెక్క ఇది. అయినా ఏ సైటుకైనా వెళ్ళి చూడండి, పక్కపిడి లేని మెషినులే ఎక్కువ కనిపిస్తాయి. మూల గోడకు అడ్డం వస్తోందని ఒకరోజు తీసేస్తారు, ఆ తర్వాత అది ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మీట పక్కనుండే లాక్ బొత్తాం మరొకటి. దాన్ని నొక్కితే వేలు తీసినా మెషిను తిరుగుతూనే ఉంటుంది. చేత్తో పట్టుకుని కాంక్రీటులోనో ఇనుములోనో కంత పెట్టేటప్పుడు ఆ బొత్తాం జోలికి పోకూడదు.

ఇక బిగింపు సంగతి. నా లెక్కన మొత్తం పాఠంలో సగం ఇదే.

మామూలు డ్రిల్లులో బిట్టును పట్టుకునే చక్కుకు మూడు దవడలుంటాయి. 10 మిల్లీమీటర్ల చక్కు, 13 మిల్లీమీటర్ల చక్కు మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి. బిట్టు పెట్టే ముందు ప్లగ్గు పీకాలి. బ్యాటరీ మెషినైతే బ్యాటరీ ఊడదీయాలి. స్విచ్ ఆపితే చాలదు. బోర్డు దగ్గరున్న ఇంకొకరు ‘కరెంటు వచ్చినట్టు లేదు’ అని దాన్ని వేయొచ్చు. బిట్టు కాడను దవడల లోపలికంటా దింపి, అడుగు తగిలాక ఓ వెంట్రుక వాసి వెనక్కి లాగాలి. దవడలు నున్నటి కాడను పట్టుకోవాలి. మెలికల గాడులను పట్టుకుంటే బిట్టు విరిగిపోతుంది. సన్నని బిట్టు ఒక్కోసారి మూడు దవడల మధ్య కాకుండా రెండింటి సందులో ఇరుక్కుంటుంది. చూడ్డానికి బిగిసినట్టే ఉంటుంది గాని మీట నొక్కగానే ముక్కు గుండ్రంగా ఊగుతుంది. అలాంటి బిట్టు కంతను పెద్దది చేస్తుంది, ఇంకాస్త ఒత్తిడి పెడితే ముక్కలై ఎగురుతుంది.

చక్కు చుట్టూ కీ పెట్టడానికి మూడు రంధ్రాలుంటాయి. నూటికి తొంభై మంది ఒకదాంట్లోనే కీ తిప్పి వదిలేస్తారని చెబితే అతిశయోక్తి కావచ్చు, కానీ పెద్ద అతిశయోక్తి కాదు. మూడింటిలోనూ ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తేనే మూడు దవడలూ సమంగా పట్టుకుంటాయి. ఆ తర్వాత కీ తీసెయ్యాలి. కీ చక్కులోనే ఉండగా మీట నొక్కితే అది రాయిలా ఎగిరొచ్చి ఎవరికి తగులుతుందో చెప్పలేం. పాత వర్క్‌షాపుల్లో దీనికో మంచి పద్ధతి ఉంది. కీని మెషిను తాడుకు, ప్లగ్గుకు ఓ జానెడు దూరంలో కట్టేస్తారు. కీ చక్కు దాకా రావాలంటే ప్లగ్గు సాకెట్టులోంచి ఊడి రావాలి. మరచిపోయే వీలే ఉండదు. ఖర్చు ఒక టేపు ముక్క.

కీ లేని చక్కులు వచ్చాక ఇంకో దురలవాటు మొదలైంది. చక్కును ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో మీట నొక్కి మోటారు బలంతో బిగిస్తున్నారు. అరచేతి చర్మం పోయేదీ, వేళ్ళు నలిగేదీ ఇందులోనే. ఆ చక్కుకు కూడా మోటారు ఆపి, కరెంటు తీసి, రెండు చేతులతో బిగించడమే మార్గం.

హామర్ మెషినుది వేరే కథ. దాని బిట్టు కాడ మీద గాడులుంటాయి. బాష్ సంస్థ 1975లో తెచ్చిన ఎస్‌డీఎస్ పద్ధతి అది. మనవాళ్ళు వాడేది ఎక్కువగా ఎస్‌డీఎస్ ప్లస్, కాడ మందం 10 మిల్లీమీటర్లు. దీనికి కీ అక్కర్లేదు. కాడను గుడ్డతో తుడిచి, కొంచెం గ్రీజు రాసి, తిప్పుతూ లోపలికి నెడితే టక్కున పట్టుకుంటుంది. తర్వాత ఒకసారి లాగి చూడాలి. సెంటీమీటరు దాకా ముందుకూ వెనక్కీ ఆడుతుంది గాని ఊడి రాకూడదు. ఆ ఆట ఉండాలి, సుత్తి దెబ్బ పడేది దాని వల్లనే. కొత్తవాళ్ళు అది వదులుగా ఉందనుకుని కాడకు గుడ్డో కాగితమో చుడతారు. ఇంకొందరు ఎస్‌డీఎస్ బిట్టును మామూలు మూడు దవడల చక్కులో బిగిస్తారు. ఆ కాడ గాడులను దవడలు సరిగ్గా పట్టవు. మామూలు బిట్లు వాడుకోవడానికి హామర్ మెషినుకు తగిలించే అడాప్టరు చక్కు దొరుకుతుంది. అది తగిలించినంతసేపూ సుత్తి మోడు ఆపెయ్యాలి. లేకపోతే చక్కు దవడలు దెబ్బలకు వదులై బిట్టు జారిపోతుంది.

ఏ పనికి ఏ బిట్టన్నది తర్వాతి మెట్టు. గోడకు, కాంక్రీటుకు మూతి మీద కార్బైడు ముక్క అతికించిన బిట్టు, సుత్తి మోడు. ఇనుముకు హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టు, సుత్తి ఉండకూడదు. చెక్కకు మధ్యలో ముల్లున్న బిట్టు, సుత్తి ఉండకూడదు. టైలుకు ఈటె మొన లాంటి కార్బైడు బిట్టో, డైమండ్ బిట్టో. టైలు మీద టేపు అంటించి, సుత్తి ఆపి, నెమ్మదిగా మొదలుపెట్టాలి. టైలు దాటి గోడ తగిలాకే మార్చుకోవాలి. గోడ బిట్టుతో ఇనుముకు కంత పెట్టబోయి ‘బిట్టు తెగటం నేదు’ అని మెషిను మీద ఒంటి బరువంతా వేసేవాళ్ళను ప్రతి షెడ్డులోనూ చూస్తాం. ఒత్తిడి పెంచే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది గాని కంత పెరగదు.

వేగం సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. హెచ్ఎస్ఎస్ బిట్టు అంచు మెత్తటి ఇనుము మీద నిమిషానికి దాదాపు 25 మీటర్లు ప్రయాణించడం క్షేమం. ఆ లెక్కన 5 మిల్లీమీటర్ల బిట్టుకు నిమిషానికి సుమారు 1,600 చుట్లు, 10 మిల్లీమీటర్ల బిట్టుకు 800, 13 మిల్లీమీటర్ల బిట్టుకు 600 చాలు. బిట్టు లావెక్కేకొద్దీ వేగం తగ్గాలి. చవక డ్రిల్లు ఖాళీగా తిరిగితే నిమిషానికి 2,800 చుట్ల దాకా పోతుంది. 13 బిట్టు పెట్టి మీట పూర్తిగా నొక్కినవాడు అవసరానికి నాలుగు రెట్లకు పైగా తిప్పుతున్నాడు. కాసేపట్లో బిట్టు మూతి నీలం తేలి పదును పోతుంది. పదును పోయిన బిట్టు కొయ్యదు, రాచుకుంటుంది, చివరకు పట్టేస్తుంది. వేగం తగ్గించి, రెండు చుక్కలు నూనె వేసి, ముందు పంచితో గుర్తు కొట్టి మొదలుపెడితే అదే మెషినుతో అదే కంత సాఫీగా పడుతుంది.

పలచని ఇనుప రేకుకు కంత పెట్టేటప్పుడు బిట్టు అవతలి వైపుకు దూసుకెళ్ళే క్షణంలోనే రేకును పట్టేస్తుంది. చేత్తో పట్టుకున్న రేకు ఫ్యాను రెక్కలా తిరుగుతుంది. దాని అంచు కత్తే. అందుకే రేకు ఎంత చిన్నదైనా దాని కింద చెక్క పెట్టి, జీ-క్లాంపుతో బిగించాలి. కాలితో తొక్కి పట్టుకోవడం మన షెడ్లలో మామూలు. చెప్పులేసుకున్న కాలితో అది ఎంత చెడ్డ పనో నేను వేరే చెప్పనక్కర్లేదు.

డ్రిల్లును అన్ని పనులకూ వాడుకోవడం మరో అలవాటు. తీగల బ్రష్షు, పాలిష్ గుడ్డ, రంగు కలిపే గరిటె, పెద్ద కంతలు కోసే హోల్‌సా, ఇసుక కాగితం పళ్ళెం, అన్నీ దానికే తగిలిస్తారు. కొన్నిటికి తప్పు లేదు. మంచి రకం ప్రతి అటాచ్‌మెంటు మీదా అది గరిష్ఠంగా ఎన్ని చుట్లు తట్టుకోగలదో రాసి ఉంటుంది. మెషిను వేగం అంతకు మించకూడదు, రాసి లేని సరుకు కొనకూడదు. గ్రైండింగు రాయిని, కటింగు పళ్ళేన్ని మాత్రం డ్రిల్లుకు తగిలించనే కూడదు. గ్రైండరుకు ఉండే మూత డ్రిల్లుకు ఉండదు, రాయి పగిలితే ముక్కలు నేరుగా ముఖానికే. హోల్‌సా పట్టేస్తే వచ్చే మెలి మామూలు బిట్టు మెలికన్నా చాలా ఎక్కువ. దానికి తక్కువ వేగం, పక్కపిడి రెండూ తప్పనిసరి.

రేకుల పని మన రెండు జిల్లాలకు ముఖ్యం కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, స్తంభాలు పడిపోయాయి, కప్పు రేకులు ఎగిరిపోయాయి. అలాంటి తుపాను తర్వాత ఊరూరా రేకులు బిగించే పని ఒక్కసారిగా వచ్చిపడుతుంది. బ్యాటరీ డ్రిల్లు కొన్నవాడల్లా రేకుల మేస్త్రీ అవుతాడు. తడి కప్పు, జారే రేకు, కింద పట్టుకునేవాడు లేడు, నడుముకు తాడు లేదు.

ఆ పనిలో వాడే సెల్ఫ్ డ్రిల్లింగు స్క్రూకు తల కింద రబ్బరు వాషరు ఉంటుంది. దాన్ని బిగించడానికి డ్రిల్లు చక్కులో సాకెట్ బిట్టు పెట్టి, చక్కు వెనకున్న క్లచ్చు రింగును అంకెల మీదికి తిప్పాలి. చిన్న అంకెతో మొదలుపెట్టి, వాషరు రేకుకు ఆనుకుని కొంచెం నొక్కుకునే దాకా ఒక్కో అంకే పెంచుతూ సరైనది పట్టుకోవాలి. చాలామంది రింగును డ్రిల్లు గుర్తు మీదే ఉంచి పూర్తి బలంతో తిప్పేస్తారు. వాషరు నలిగి పక్కలకు పొంగుతుంది, ఎండకు త్వరగా పగులుతుంది. స్క్రూ చుట్టూ రేకు సొట్టపడి నీళ్ళు అక్కడే నిలుస్తాయి. మరీ తిప్పితే రేకు కింది పట్టీలో మరలు చెడి స్క్రూ పట్టు తప్పుతుంది. మళ్ళీ తుపాను వచ్చినప్పుడు గాలి ముందు లాగేది అలాంటి స్క్రూనే. బిగింపు సరిగ్గా రాకపోతే పనివాడి చెయ్యితో ఆగదు, ఇంటిల్లిపాది నెత్తి మీది కప్పు దాకా పోతుంది.

ఇక కరెంటు. సైట్లలో ప్లగ్గు లేకుండా రెండు తీగలను సాకెట్టులో దోపి, అగ్గిపుల్లలతో బిగించి డ్రిల్లు నడిపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కొత్త డ్రిల్లు మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషను మెషిను, దానికి ఎర్తు తీగ ఉండదు. ఆ గుర్తు లేని పాత మెషినుకు మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తు రెండూ ఉండాలి. ఏ మెషినైనా డొప్ప పగిలి, తాడు ఒలిచిపోయి, తడిసిపోయి ఉంటే ఆ గుర్తు ఆదుకోదు. తీరం ఊళ్ళలో ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నులు, సాకెట్ల లోపలి రేకులు చిలుము పడతాయి. అక్కడ పట్టు వదులై వేడెక్కుతాయి.

‘ఎంసీబీ ఉంది కదా’ అంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే కరెంటు 16 ఆంపియర్లు దాటాలి. మనిషి ప్రాణం పోవడానికి అందులో అయిదు వందల వంతుల్లో ఒక్కటి చాలు. మనిషిని కాపాడేది కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది బిగించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి పనివాడి సంచిలో ఉంటే అతను ఏ ఇంటికి వెళ్ళినా తన రక్షణ తనతోనే వెళ్తుంది. ఇంటి ఎర్తింగు ఎలా ఉందో అతను చూడలేడు, చూసినా బాగుచేయలేడు. గోడలో తీగలు సాధారణంగా స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైకీ కిందికీ పోతాయి. ఆ దారిలో కంత పెట్టొద్దన్న ఒక్క మాట చెబితే చాలా ఇళ్ళలో చాలా ప్రమాదాలు తప్పుతాయి.

ఒంటి మీది బట్టల గురించి. మెడలో తువ్వాలు, లుంగీ అంచు, చున్నీ, చీర కొంగు, విరబోసిన జుట్టు, మణికట్టు మీద వేలాడే తాయెత్తు దారం, వీటిలో ఏది చక్కుకు తగిలినా చుట్టుకుపోతుంది. చేతికి వదులు గ్లౌజులు వేసుకుంటే రక్షణ అనుకుంటారు, తిరిగే బిట్టు దగ్గర అవీ చుట్టుకునేవే. ఇనుప రజనును చేత్తో తుడవకూడదు, నోటితో ఊదకూడదు. బ్రష్షుతో తుడవాలి. కంటి అద్దాలు మెషిను పట్టినవాడికి ఎంత అవసరమో నిచ్చెన కింద పట్టుకుని పైకి చూస్తున్నవాడికీ అంతే అవసరం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 35వ సెక్షను కంటి రక్షణ గురించి చెప్పింది. ముగ్గురు పనిచేసే రేకుల షెడ్డు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు కాబట్టి ఆ మాట అక్కడికి చేరలేదు. కాంక్రీటు, గ్రానైటు దుమ్ములో ఊపిరితిత్తులను చెడగొట్టే సిలికా ఉంటుంది. టెక్కలి చుట్టుపక్కల రాతి పనివాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. గదిలో నిలబడి శ్లాబుకు వరసగా కంతలు పెట్టేవాడు పీల్చేదీ ఆ జాతి దుమ్మే. అతను ముక్కుకు చుట్టుకునే తువ్వాలు దాన్ని ఆపదు.

కలెక్టర్ గార్లూ, ఇప్పుడు అడగవలసినవి వరసగా అడుగుతాను.

ఒకటి. పథకం కింద ఇచ్చే ప్రాథమిక శిక్షణలో డ్రిల్లుకు విడిగా రెండు గంటలు కేటాయించండి. ప్రతి ఒక్కరూ స్వయంగా చెక్క, ఇనుప పట్టీ, కడ్డీ ఉన్న కాంక్రీటు దిమ్మ, మూడింటిలో కంత పెట్టాలి. కడ్డీ తగిలినప్పుడు మెషిను ఎలా లాగుతుందో గురువు పక్కనుండగా, పక్కపిడి పట్టుకుని ఒకసారి చేత్తో తెలుసుకోవాలి. ఇరుక్కున్న బిట్టును మీట నొక్కి గింజుకోకుండా, ప్లగ్గు పీకి ఎలా వెనక్కి తిప్పి తీయాలో చెయ్యాలి.

రెండు. అదే పాఠాన్ని నెలకోసారి మండల కేంద్రంలో, పథకంతో పని లేకుండా ఎవరొచ్చినా చెప్పేలా పెట్టండి. సొంత డబ్బుతో మెషిను కొన్నవాళ్ళు, వలస వెళ్ళబోయే కుర్రాళ్ళు, తాపీ పనిలో సాయానికి వెళ్ళే ఆడవాళ్ళు వస్తారు. పని లేని రోజో, పని మొదలయ్యే ముందు పొద్దుటి వేళో పెడితేనే వస్తారు. కూలి పోయే రోజున ఎవరూ రారు.

మూడు. చెప్పడానికి శ్రీకాకుళం, విజయనగరం ఐటీఐల ఇన్‌స్ట్రక్టర్లున్నారు. వాళ్ళతో పాటు పనిలో తల పండిన మేస్త్రులను పిలిచి, గౌరవంగా పారితోషికం ఇవ్వండి. పనివాడు పనివాడి మాట వింటాడు.

నాలుగు. ఒక్క కాగితం, రెండు వైపులా, బొమ్మలతో. పెట్టెలో వచ్చే పుస్తకం చాలాసార్లు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. మన కాగితం మన మాటల్లో ఉండాలి: చక్కు, కీ, బిట్టు, కంత. ఇచ్ఛాపురం వైపు ఒడియాలో, మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళకు సవర భాషలో కూడా వేయించండి. హార్డ్‌వేర్ దుకాణాలవాళ్ళు డ్రిల్లు అమ్మేటప్పుడు ఈ కాగితం ఇచ్చి, ఒక్కసారి బిట్టు బిగించి చూపించేలా వర్తక సంఘాలతో మాట్లాడండి.

అయిదు. డ్రిల్లున్న ప్రతి కిట్టులోనూ పక్కపిడి, కంటి అద్దాలు, దుమ్ము మాస్కు, ఆర్‌సీసీబీ బోర్డు ఉన్నాయో లేదో చూసే బాధ్యత ఎవరిదో తేల్చండి.

ఆరు. ప్రభుత్వాసుపత్రుల్లో చేతి గాయం, కంటి గాయంతో వచ్చినవాళ్ళ రిజిస్టరులో ‘ఏ పరికరం వల్ల’ అన్న గడి ఒకటి పెట్టించండి. ఏడాది తిరిగేసరికి ఈ రెండు జిల్లాల్లో డ్రిల్లు ఎందరికి ఏం చేస్తోందో మన ముందు ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క నా మాట తప్పని తేలిస్తే సంతోషంగా ఒప్పుకుంటాను.

డబ్బెక్కడిదని అడగొచ్చు. 1996 చట్టంతో మొదలై, భవన నిర్మాణ వ్యయంలో ఒక శాతం కార్మికుల సంక్షేమ సెస్సుగా వసూలవుతోంది. డ్రిల్లు పట్టే చేతుల్లో ఎక్కువ భాగం ఆ నిర్మాణ కార్మికులవే. ఒక దిమ్మ, నాలుగు మెషిన్లు, ఇద్దరు గురువులు, టీ ఖర్చు, ఇంతకు మించి ఈ పాఠానికి అక్కర్లేదు.

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చి అర్జీ ఇవ్వొచ్చు కదా అని కూడా అనిపించవచ్చు. అర్జీ ఇచ్చేది సమస్య ఉందని తెలిసినవాడు. మెషిను మెలేసి మణికట్టు పోగొట్టుకున్న కుర్రాడు అది తన ఖర్మ అనుకుంటాడు, యజమాని వాడి అజాగ్రత్త అనుకుంటాడు. నేర్పనివాళ్ళ తప్పని ఎవరికీ తట్టదు, కాబట్టి ఆ అర్జీ మీ బల్ల మీదికి ఎప్పటికీ రాదు. ఈ ఉత్తరాన్ని అందరూ చదివేలా రాయడానికి కారణం అదే.

తిత్లీ వచ్చింది అక్టోబరులో. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చిందీ అక్టోబరులోనే. రేకుల పని ఒక్కసారిగా మీద పడేది ఆ తర్వాతే కనుక, మొదటి పాఠాలు సెప్టెంబరు లోపు తీరం మండలాల్లో పెట్టించండి. పాత ఇన్‌స్ట్రక్టర్లం కొందరం పైసా తీసుకోకుండా వచ్చి చెబుతాం. మీ సమీక్షల్లో ఎన్ని వోచర్లు ఇచ్చారన్న వరస ఎలాగూ ఉంటుంది. దాని పక్కన ‘బిట్టు తనే బిగించి చూపించినవారు’ అని ఇంకో వరస గీయించండి. రెండు అంకెలూ ఒకటయ్యేదాకా పథకం సగమే అమలైందని లెక్క వేయండి. మీ జవాబు కూడా అందరూ చదివేలా ఇస్తారని ఎదురుచూస్తాను.

ఇట్లు
భవదీయుడు,
ఫిట్టర్ ట్రేడు పాత ఇన్‌స్ట్రక్టరు ఒకడు